బూడిదలో ఇనుము

మా బావ వెల్లకిలా పడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. పసిపిల్లల మాదిరి బోర్లా పడుకునేవాడు, లేదంటే కుడి పక్కకు ఒత్తిగిలి మోకాళ్లు కడుపులోకి ముడుచుకునేవాడు. నేల మీద కూర్చుని అన్నం తినలేడు. పెళ్లి పంక్తిలో అందరూ కింద కూర్చుంటే ఆయన ఒక్కడే గోడకు భుజం ఆనించి, నిలబడి తినేవాడు. కొత్తవాళ్లు అది చూసి పొగరనుకునేవాళ్లు. ఆ మనిషి నడుములోనూ వెన్నెముక పక్కనా సరిహద్దు కొండల మీద పేలిన గుండు తాలూకు ఇనుప ముక్కలున్నాయని వాళ్లకెవరు చెప్తారు?

మిలటరీ ఆసుపత్రిలో అందినవి తీశారు. అందనివి వదిలేశారు. వెన్నుపూసలో దిగిన ముక్కను కదిపితే కాళ్లు పడిపోతాయని డాక్టర్లు చెప్పారు. అప్పటికి మా అక్కతో ఆయన పెళ్లయి ఏడాది తిరగలేదు. యుద్ధం ముగిసిందని రేడియో చెప్పింది. ఊళ్లో మిఠాయిలు పంచారు. అక్క ఇంట్లో మాత్రం అది ముగియలేదు, ప్రతి చలికాలం కొత్తగా మొదలయ్యేది. సైన్యం నుంచి వచ్చేశాక బావకు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి గేటు దగ్గర కావలి ఉద్యోగం దొరికింది. ఆ వైపు చలి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. లోపలి ఇనుము చల్లబడితే మనిషి పళ్లు బిగబట్టి మంచం పట్టె పట్టుకునేవాడు. అక్క పెనం మీద ఉప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి కాపడం పెట్టేది. ఆ ఇంట్లో ఉప్పు వంటకంటే నడుముకే ఎక్కువ ఖర్చయ్యేది.

నేను కరీంనగర్‌లో ఉంటాను. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, మరమగ్గాల చప్పుడును మించి గొంతెత్తి మాట్లాడటం చిన్నప్పుడే నేర్చుకున్నాను. తర్వాత ఆ గొంతు సభలకు పనికొచ్చింది. బాబాల మహిమల గుట్టు విప్పడం, గ్రహణం నాడు నడిబజారులో బువ్వ తినడం, తద్దినాల మీద వాదాలు పెట్టుకోవడం, ఇదే నా బతుకు. నా సంచిలో కర్పూరం, నిమ్మకాయలు, పాడైన లౌడ్‌స్పీకర్ నుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఎప్పుడూ ఉంటాయి. పళ్లెంలో సూది తనంతట తానే తిరిగి దొంగ పోయిన దిక్కు చూపిస్తుందని ఒక బాబా మా వైపు చాలామందిని నమ్మించాడు. పంచె కింద మోకాలికి కట్టుకున్న అయస్కాంతమే ఆయన మహిమ. ఆ ఆట నేను ఎన్ని బడుల్లో ఆడి చూపించానో!

బావ నా వాదాలు నమ్మేవాడో లేదో నాకిప్పటికీ తెలియదు. కానీ నా పక్కన నిలబడేవాడు. ఒక గ్రహణం నాడు శ్రీరాంపూర్ చౌరస్తాలో నాతోపాటు మిర్చి బజ్జీలు తింటుంటే ఎవరో అడ్డు చెప్పారు. బావ బజ్జీ నములుతూనే నడుము తట్టి చూపించి జవాబిచ్చాడు.

“నా పెయ్యిల ఇన్ని గ్రహాలు తిరుగుతున్నయి. గా ఒక్క గ్రహణం నన్నేం జేస్తది?”

బావ కూతురి బిడ్డ అక్షరాభ్యాసానికి బాసర పోయినప్పుడు, అక్క మాట కాదనలేక నేనూ వెంట వెళ్లాను. రద్దీ రోజు కావడంతో దారిలో తనిఖీ ద్వారం పెట్టారు. సంచి బయట బల్ల మీద పెట్టి నేను దాటాను, అది నోరెత్తలేదు. బావ దాటగానే కూతపెట్టింది. గడియారం తీశాడు, బెల్టు తీశాడు, జేబులో చిల్లర తీశాడు. మళ్లీ కూత. పడుచు పోలీసు అనుమానంగా చూశాడు. బావ అంగీ ఎత్తి వీపు చూపించాడు. ఆ కుర్రవాడు తల దించుకుని దారి ఇచ్చాడు. బావ మాత్రం నా వైపు తిరిగి గట్టిగానే అన్నాడు.

“సూడు బామ్మర్దీ, దేవుడే లేడనేటోన్ని లోపటికి పంపిండ్రు. దండం వెట్టేటోన్ని ఆపిండ్రు. గిదేం ఇన్సాఫ్?”

“గుడి కాడ సుత మీ పరాచికాలేనా!” అని అక్క కసిరింది గానీ ఆమెకూ నవ్వాగలేదు.

ఒకసారి చిన్న ముక్క ఒకటి లోపలినుంచి తొలుచుకుంటూ చర్మం దాకా వచ్చింది. అక్క పిన్నీసు కాల్చి దాన్ని బయటికి తీసింది. బావ దాన్ని వేళ్లతో తిప్పి చూసి కిటికీలోంచి విసిరేశాడు. “ఒక పీడ వోయింది,” అన్నాడు. ఆ రోజు ఇద్దరూ పండుగ చేసుకున్నట్టు ఉన్నారు. తక్కినవి అలాగే ఒక్కొక్కటీ వచ్చేస్తాయనుకున్నారు. రాలేదు.

పోయిన చలికాలంలో నేను చూడబోయినప్పుడు బావ బాగా చిక్కిపోయి ఉన్నాడు. అక్క ఉప్పు మూట మారుస్తోంది. ఆయన దిండులోకి ముఖం పెట్టుకునే మాట్లాడాడు.

“డాక్టర్లు తియ్యలే. నువ్వన్న తియ్యవే. సచ్చినంకనన్న తియ్యుండ్రి. గీ ఇనుమును ఏసుకోని నేను గంగల కలువ.”

ఆ ప్రాంతం వాళ్లకు గోదావరి అంటే గంగే. చచ్చినవాడికి ఇనుమేమిటి, బంగారమేమిటి అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అక్క ముఖం చూసి మింగేశాను. ఆమె ఉప్పు మూట మీద అరచెయ్యి ఆనించి ఒక్కటే మాట అంది. “తీస్త.”

మాఘమాసంలో గుండె ఆగి పోయాడు. దహనం రోజు బస్తీ యువజన సంఘం వాళ్లు జెండా తెచ్చారు, మైకు తెచ్చారు, నినాదాలు ఇచ్చారు. నేను కాదనలేదు. గౌరవించదలచుకున్నవాళ్లను ఎందుకు ఆపాలి? కానీ నాకు లోపల మంటగానే ఉంది. ఎక్కడ తుపాకీ చప్పుడైనా సరే, టీవీలో కూర్చుని యుద్ధం యుద్ధం అని కేకలు వేసే పెద్దమనుషులున్నారు. వాళ్లలో ఒక్కడైనా ఒక్క చలి రాత్రి ఉప్పు వేయించాడా? వీరుడు అనే మాట ఎంత సులువు! ఆ మాట అనేసి ఇంటికి పోతే, ఆ వీరుడు మరుగుదొడ్డికి ఎలా కూర్చుంటాడో ఎవరూ ఆలోచించనక్కరలేదు.

మూడో రోజు పొద్దున అస్థికలు ఏరడానికి గోదావరి ఒడ్డున శ్మశానానికి వెళ్లాం. కొడుకు లేడు గనుక ఆ ఇంటి పెద్దాయన, బావ చిన్నాయన, ముందుండి నడిపించాడు. కూతురు ఏరితే ఏమవుతుందని నేను మొదలుపెట్టబోయాను. “ఇయ్యాల నీ లొల్లి వద్దు తమ్మీ,” అంది అక్క.  మాతో ఇంకొకాయన ఉన్నాడు. బావతోపాటు అదే పటాలంలో పనిచేసిన దోస్తు, ముక్కలు దిగిన బావను వీపు మీద వేసుకుని కొండ దిగిన ముస్లిం మిత్రుడు. ఇప్పుడు కొడుకు సైకిల్ దుకాణంలో కూర్చుంటున్నాడు.

పెద్దాయన బూడిద మీద పాలు చల్లి, కర్రతో కెలికి, ఎముకలు ఏరి పళ్లెంలో వేయసాగాడు. మధ్యమధ్య ఏదో నల్లగా చేతికి తగిలితే పక్కనున్న తుమ్మపొదలోకి విసిరేస్తున్నాడు.

“పాత దర్వాజల కట్టె అమ్మిండు గా కట్టెల అడితోడు. అన్ని మేకులే,” అని విసుక్కున్నాడు.

దోస్తు కొంతసేపు చూసి ముందుకొచ్చాడు.

“ఆగు చిచ్చా, ఆగు! గవి మేకులు గావు.”

“మరేంది?”

ఆయన ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. “మేకుకు తల ఉంటది, మొన ఉంటది. దీనికేమున్నది సూడు. గిది మావోని పెయ్యిల ఉండెటిది.”

పెద్దాయన చేతిలో కర్ర ఆగిపోయింది. అంతవరకు రాతి మీద కూర్చున్న అక్క లేచింది. ఎవరి వంకా చూడకుండా తుమ్మపొద దగ్గరికి పోయి, ఎండుగడ్డిలో మోకాళ్ల మీద కూలబడి వెతకడం మొదలుపెట్టింది. ముళ్లు గీరుకుంటున్నా చెయ్యి వెనక్కి తీయలేదు.

“పారేసినయి మల్ల ఎందుకు ఏరుతవ్ కోడలా? పాడు ఇనుము,” అన్నాడు పెద్దాయన.

“ఏది మేకో, ఏది ఆయన నొప్పో నాకు తెల్వాలె మామా.”

దొరికినవన్నీ కొంగులో వేసుకుని తిరిగి వచ్చింది. బావ అడిగిన మాట, తాను ఇచ్చిన మాట అందరికీ చెప్పింది. పళ్లెంలోని ఎముకలను చూపించి, “ఒక్కటి సుత బొక్కల ఎంబడి గంగల పడద్దు,” అంది. బియ్యం తెచ్చిన చాట ఖాళీ చేసి, అందులోకి బూడిద ఎత్తుకుంది. చెరగడం మొదలుపెట్టింది. రేషన్ బియ్యంలో రాళ్లు ఏరే ఆడమనిషి ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది. చూపుడువేలితో బూడిదను పక్కకు జరుపుతూ, ఎముకను ఎముక వైపు, ఇనుమును ఇనుము వైపు. గాలికి బూడిద లేచి ఆమె తల మీద, కనుబొమల మీద పడుతోంది. కాసేపటికి చూపు ఆనక నా వైపు తిరిగింది.

“తమ్మీ, నీ సంచిల గా అయస్కాంతం ఉన్నదా?”

ఉంది. తీశాను. ఎక్కడ తీసినా జనం నవ్వే వస్తువు అది. రుమాలులో చుట్టి బూడిద మీద మెల్లగా తిప్పాను. ముందు గంగ ఒడ్డు ఇసుకలోని నల్ల రేణువులు అంటుకుని మీసంలా నిక్కాయి. తర్వాత టక్‌మని ఒక మేకు. తర్వాత ఒక ముక్క. రుమాలు విప్పి దులిపితే అవి చాటలో పడేవి. దోస్తు పక్కన గొంతుక్కూర్చుని వేరుచేసేవాడు. మేకు ఇటు, ముక్క అటు. ఒక్కో ముక్కనూ ఎండకు పట్టి చూసి పెట్టేవాడు. ఒకదాన్ని మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

“కొండ దిగుతుంటె నా ఈపు మీదికెల్లి ఏమన్నడో ఎరుకనా భాబీ? ‘జర మెల్లగ నడువుర, నా పెయ్యిల సామాన్లున్నయి, పలుగుతయి’ అన్నడు. నేను ఏడ్సుకుంట నవ్విన.”

అక్క చెరగడం ఆపలేదు. “గా మాట నాకు ఎన్నడు చెప్పలే,” అంది.

అప్పుడే మోటార్ సైకిల్ మీద యువజన సంఘం కార్యదర్శి వచ్చాడు. మంచి కుర్రవాడే. బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుపూటలా టీ తెచ్చిచ్చినవాడు. చాటలో ఉన్నవి ఏమిటో తెలియగానే చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు.

“పెద్దమ్మా, గివి మాకియ్యుండ్రి. జెండా గద్దె కాడ అద్దాల పెట్టెల పెడ్తం. పంద్రాగస్టుకు అందరు దండం పెట్టుకుంటరు.”

నాకు మండింది. “దండం వెట్టుటానికి ఇనుమే దొరికిందార? మనిషిని సంపెటిదానికి మొక్కుతరా? నాకియ్యి అక్కా. బడిపిల్లలకు సూపెడ్త. యుద్ధమంటె గిదీ అని చెప్త.”

“మీరు సూపెడ్తె తప్పులేదు, మేం పెడ్తె తప్పా కాకా?” అన్నాడు కుర్రవాడు.

అక్క తల ఎత్తింది. కనుబొమల మీది బూడిదతో ఆమె ముఖం నాకు పరాయి ముఖంలా కనిపించింది.

“నువ్వు పెట్టెల పెడ్త అంటవ్. నువ్వు సంచిల ఏస్కుంట అంటవ్. ఆయన పెయ్యిల ఉన్నన్నొద్దులు నాకియ్యుండ్రి అని ఒక్కడన్న అడిగిండ్రా?”

 ఎన్నో వేదికల మీద పండితులతో తలపడ్డాను, ఇలాంటి ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. కుర్రవాడు చెప్పులు కూడా వేసుకోకుండా కూలబడి మాతోపాటు బూడిద ఎత్తసాగాడు.

బూడిద అయిపోయింది. ఇక మిగిలింది పళ్లెంలో ఏరిపెట్టిన ఎముకలు. వాటి మధ్య ఏమైనా చిక్కుకున్నాయేమోనని అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లాను. తెల్లటి చిన్న ఎముక ఒకటి పళ్లెంలో కదిలింది. గిరుక్కున తిరిగి, జరుక్కుంటూ వచ్చి రుమాలుకు అంటుకుంది. పళ్లెంలో సూది తిరిగినట్టే. “నరసింహా!” అని పెద్దాయన చేతులు జోడించాడు. అది మహిమ కాదని అక్కడున్న అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. వెన్నుపూస అది. దాని లోపల ఇనుము ఉంది. తెలిసినా దాన్ని నేను విడదీయలేదు, రుమాలుతోనే దోస్తుకు అందించాను.

దోస్తు ఎముకను తిప్పి చూశాడు. ముక్క లోపలికి దిగి, దాని చుట్టూ ఎముకే పెరిగి మూసుకుంది. ఒక అంచు మాత్రం నల్లగా కనబడుతోంది. గోటితో లాగితే రాలేదు.

“గిదే,” అంది అక్క. “అన్నిటికంటె గిదే సతాయించింది.”

“బొక్క పలగొట్టద్దు కోడలా. పాపం. మల్ల పుడితె అవిటోడై పుడ్తడు,” అన్నాడు పెద్దాయన.

“ఈ పుట్టుకల అవిటోన్ని జేసింది ఎవలు మామా? పోయిన పుట్టుకల బొక్క పలగొట్టిండ్రా ఎవలన్న?” అన్నాను. “సున్నం గిది. ఉత్త సున్నం.” నది గులకరాయి ఒకటి తీసుకుని, ఎముకను బండ మీద పెట్టి, చెయ్యి ఎత్తాను.

చెయ్యి దిగలేదు. నా వాదంలో లోపం లేదు, ఇప్పుడూ లేదంటాను. అది సున్నమే. కానీ ఆ సున్నం మీద బరువు పడినప్పుడల్లా బావ పళ్లు బిగబట్టిన చప్పుడు నేను విన్నాను. రాయి కింద పెట్టేశాను.

అక్క ఎముకను అరచేతిలోకి తీసుకుంది. నన్ను అడిగింది.

“తమ్మీ, నిజం జెప్పు. మీటింగుల చెప్పినట్టు కాదు. నొప్పి పుడ్తదా?”

జీవితమంతా నేను చెప్పిన మాటే అది. చచ్చినవాడికి ఆకలి లేదు, దాహం లేదు, నొప్పి లేదు అని గొంతు చించుకుని చెప్పాను. కాకి ముద్ద మీద, పిండం మీద, కర్మకాండ మీద విసిరిన మాట. ఇంత అవసరంగా ఒకరు దాన్ని నన్ను అడగడం అదే మొదలు.

“పుట్టదక్కా,” అన్నాను.

అంటుంటేనే తెలిసింది, ఆ మాటకు రెండో సగం ఉందని. నొప్పి పుట్టదంటే, నొప్పి పుట్టడానికి ఆయన ఇక ఎక్కడా లేడని. అక్కకూ అది అర్థమైంది.  తర్వాత తల ఊపి, ఎముకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కింది.

రాయి అక్కరలేకపోయింది. కాలిన ఎముక ముగ్గుపిండిలా పొడి అయింది. ఇనుము ఆమె అరచేతిలో పడింది. డాక్టర్లు ముట్టుకోవడానికి భయపడ్డ ముక్క, చలికాలాలన్నీ ఉప్పు మూటలతో ఆమె బతిమాలిన ముక్క, చింతగింజంత.

“వచ్చింది,” అంది అక్క. “వచ్చిందయ్యా. ఇగ పండుకో.”

దోస్తు లేచి నది వైపు తిరిగి నిలబడ్డాడు. కుర్రవాడు ముఖం మోకాళ్లలో దాచుకున్నాడు. పొడి అయిన ఎముకను అక్క ఒక్క రవ్వ కూడా పోకుండా అస్థికల ముంతలోకి దులిపింది.

ఆ మధ్యాహ్నం ధర్మపురి వెళ్లాం. ధర్మపురిలో పారే గోదావరే శ్రీరాంపూర్ పక్కనుంచి కిందికి పోతుంది, అంత దూరం పోవడమెందుకని మామూలు రోజైతే నేను వాదించేవాణ్ని. అక్క నడుము లోతు నీళ్లలోకి దిగి ముంత వంచింది. నీళ్లు కాసేపు తెల్లబడి మళ్లీ మామూలుగా పారాయి. గట్టు మీద నుంచి పెద్దాయన కేకేశాడు.

“గా ఇనుము సుత గంగలనే పారెయ్యి కోడలా. పీడ వోతది.”

“గీ నీళ్లే మనూరికి వస్తయి మామా. మల్ల ఆయన ఎంబడి వడ్తదేమో,” అంది అక్క. ఈసారి నేను వాదించలేదు.

నెల మాసికం నాడు మళ్లీ వెళ్లాను. తద్దినాలను ఎగతాళి చేసే నేను ఎందుకు వెళ్లానంటే, అక్క ఒక్కతే ఉంటుందని. జెండా గద్దె దగ్గర అద్దాల పెట్టె తయారై ఉంది. లోపల బావ సైనిక దుస్తుల ఫోటో పెట్టారు. ముక్కల కోసం కింద ఎర్రటి బట్ట పరిచి ఉంచారు. అది ఖాళీగా ఉంది. కుర్రవాడు మళ్లీ అడగలేదట. నేనూ అడగలేదు. కానీ నా ఆశ చావలేదని ఒప్పుకోవాలి. ఒక్క ముక్క చేతిలో ఉంటే గంట ఉపన్యాసం అక్కరలేదని అప్పటికీ నాకనిపిస్తూనే ఉంది.

మంచం గోడకు నిలబెట్టి ఉంది. అక్క నేల మీద పడుకుంటోందట. పొయ్యి గట్టు మీద ఉప్పు డబ్బా నిండుగా ఉంది.

మేం వాకిట్లో కూర్చుని ఉండగా పాత ఇనుప సామాన్ల బండి వీధిలోకి వచ్చింది. కేక వినగానే అక్క లేచి లోపలికి పోయింది. చిన్న గుడ్డ మూట తెచ్చి బండివాడి చేతిలో పెట్టింది. అతను విప్పి చూశాడు.

“గింతకు ఏమొస్తది అవ్వా? ఉల్లిగడ్డ సుత రాదు.”

“ఏమద్దు. తీస్కపో.”

నేను గుమ్మం దాకా వచ్చాను. అక్క నన్ను చూసింది. ఆపితే ఆగేది కాదు, నేను ఆపలేదు. బండివాడు వేలితో ముక్కలను కదిపి చూశాడు.

“ఏందివి? మేకులా?”

అక్క కొంగు దులుపుకుంది.

“ఆఁ,” అంది. “మేకులే.”

అతను మూటను విరిగిన సైకిల్ చక్రాలు, తుప్పు పట్టిన రేకుల మీదికి విసిరి, బండి తోసుకుంటూ పోయాడు.